కావలి ఉన్న కాళ్ళు

తుంటి కీలు మార్చుకున్న మనిషికి నేలను మించిన శత్రువు లేదని డాక్టర్ ఫణీంద్ర ప్రతి రోగికీ చెప్పేవాడు. నేల మీద కూర్చోకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. కూర్చున్నప్పుడు మోకాలు తుంటి కన్నా పైకి రాకూడదు, పాదం లోపలికి తిరగకూడదు, పడుకున్నప్పుడు రెండు కాళ్ళ మధ్యా దిండు ఉండి తీరాలి. ఆపరేషన్ కోసం కోసి మళ్ళీ కుట్టిన కండరాలు అతుక్కునేదాకా వాటిని కాపాడేది మందులు కాదు, మనిషి తన ఒంటిని పెట్టుకునే తీరు. ఆయన ఎంత ఓపికగా చెప్పేవాడో రోగులు అంత బుద్ధిగానూ తల ఊపేవారు. ఇంటికెళ్ళి మొదటి వ్రతానికే పీట వాల్చుకుని కూర్చునేవారు. కీలు జారిందని మళ్ళీ మోసుకొచ్చేవారు.

వాళ్ళను తప్పు పట్టడానికీ లేదు. మనం తినేది నేల మీద, కూర తరిగేది నేల మీద, దేవుడికి దణ్ణం పెట్టేది నేల మీద, ఆఖరికి పోయాక పడుకోబెట్టేదీ నేల మీదే. ఇలాంటి జనాన్ని ఓ మంచి రోజు చూసి కుర్చీ ఎక్కి దిగకండి అంటే మాటలా!

కాకినాడలో సముద్రం వైపున్న ఒక చిన్న ప్రయోగశాలలో హైమవతి అనే ఇంజనీరు ఈ చిక్కుకి ఒక ఉపాయం కనిపెట్టింది. తమలపాకు కన్నా పలచని పొర అది. ఆపరేషన్ చేసేటప్పుడే తుంటి చుట్టూ ఉన్న నరాలకు చుట్టేస్తారు. కాలు ఏ వంపులో ఉందో అది క్షణక్షణం కనిపెట్టుకుని ఉంటుంది. వంగరాని వంపు వంగబోతే మనిషికన్నా ముందే కండరాలను బిగించి ఆపేస్తుంది. నిద్రలో కాళ్ళు దగ్గరకొస్తే మెల్లగా ఎడం చేస్తుంది. దిండు అక్కర్లేదు, గుర్తు పెట్టుకోవడం అక్కర్లేదు, ఇంట్లో వాళ్ళ పోరు అసలే అక్కర్లేదు. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరొకటి ఉంది గానీ అందరూ దాన్ని కావలి అనేవారు.

హైమ అత్తగారు వరహాలమ్మకి రెండు తుంట్లూ అరిగిపోయాయి. మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకుని, కళ్ళు మూసుకుని, నాలుగు దేవుళ్ళను తలుచుకునేది. రెండూ ఒకేసారి మార్చాలని తేలినప్పుడు, కావలి పెట్టించుకునే మొదటి విడత రోగుల్లో తనను కూడా చేర్చమంది. సొంతవాళ్ళ మీద ప్రయోగమెందుకని ఆపరేషన్లు చేసే ఫణీంద్ర వెనకాడాడు. హైమ కూడా వద్దనే చెప్పింది. "కోడలు వండిన కూర ఊరంతా తింటంటే నేను మాత్రం పచ్చడేసుకుని తినాలా?" అంది వరహాలమ్మ. ఆవిడ ఒకటనుకున్నాక కాదనే మొనగాడు ఆ ఇంట్లో లేడు. కొడుకు చంద్రం పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు, ఇంట్లో మాత్రం వినడమే.

ఆపరేషన్ బాగా జరిగింది. కావలి ఇంకా బాగా పనిచేసింది.

నెల తిరక్కుండా వరహాలమ్మ కర్ర పట్టుకుని జగన్నాథపురం వీధిలో ఆ చివరిదాకా నడిచొచ్చింది. నొప్పి లేదు. వంటింట్లో గరిటె కింద పడితే అలవాటు చొప్పున వంగబోయేది, నడుము సగంలో ఉండగానే కాళ్ళు బిగుసుకుపోయేవి. ఆవిడ అలాగే గాలిలో ఆగి, "సరేలేవే, వంగన్లే" అని తన కాళ్ళతోనే అనేది, చంద్రం వచ్చి గరిటె తీసిచ్చేవాడు. పేరంటానికొచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి ఇదొక వేడుకైపోయింది. అత్తని కూర్చోబెట్టి వండిపెట్టే కోడళ్ళని చూశాం గానీ, అత్తని కూర్చోనివ్వని కోడల్ని ఇదే చూడ్డం అని మేలమాడారు. వరహాలమ్మ వాళ్ళకన్నా గట్టిగా నవ్వింది. నా కాళ్ళల్లో మా హైమ కాపరం పెట్టింది అని ఆవిడే అందరికీ చెప్పుకుంది.

ఆ నవ్వు కొన్నాళ్ళు నడిచింది. తర్వాత ఆవిడ కాళ్ళ గురించి మాట్లాడటం తగ్గించింది. వాకిట్లో ముగ్గు వెయ్యడానికి పనమ్మాయి వచ్చింది. దేవుడి పటాలు గూట్లోంచి బల్ల మీదికి వచ్చాయి. భోజనాలు టేబుల్ మీదికి మారాయి. ఇంట్లో అందరూ ఒక జానెడు పైకి లేచి బతకడం మొదలుపెట్టారు. ఒకరోజు చెప్పు పట్టీ ఒరుసుకుని మడమ పచ్చి పుండైంది, అది ఆవిడకి తెలియలేదు. రక్తం మరక చూసి చంద్రమే చెప్పాడు. నొప్పి తెలియకపోవడం అదృష్టం అనుకున్నారు అందరూ. ఆవిడా అదే అనుకుంది.

అప్పటికి హైమకి ఏడో నెల.

ప్రయోగశాలలో కావలి అందరికన్నా ముందు పెట్టించుకున్నది రెండు తుంట్లూ మార్చుకున్న ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు. కండరాలు పూర్తిగా అతుక్కున్నాయి కాబట్టి ఇక కావలి ఆపెయ్యొచ్చో లేదో చూద్దామని ఆయన్ని పిలిపించారు. కావలిని కాసేపు ఆపి, నడుముకి పట్టీలు కట్టి, పైనుంచి వేలాడదీసి, కాళ్ళ కింద బల్లను ఒక పక్కకి వంచారు. పడబోతున్నామంటే ఎవరి కాలైనా బిగుసుకుంటుంది, అది ఒంటికి పుట్టుకతో వచ్చిన తెలివి. ఆయన కాళ్ళు బిగుసుకోలేదు. తడిగుడ్డల్లా వేలాడాయి. పట్టీలు లేకపోతే రెండు కీళ్ళూ జారిపోయేవే. ఆయన మాత్రం పైకి చూస్తూ, "అయిపోయిందాండీ?" అని నవ్వుతూ అడిగాడు.

హైమ ఆ రోజంతా కంప్యూటర్ తెర ముందు కూర్చుని అందరి కాళ్ళ లెక్కలూ తిరగేసింది. మిగతా రోగులదీ అదే దారి. కావలి ఇచ్చే ఆజ్ఞలకి కాలు ఎదురు తిరగకుండా ఉండాలని, కాలి నుంచి మెదడుకి వెళ్ళే కబుర్లను కొంత మధ్యలోనే అణిచేలా దాన్ని తయారుచేశారు. ఆ అణచడం పెరుగుతూ పోయింది. ఎవరూ ఏమీ అడగని చోట, ఎవరూ ఏమీ చెప్పని చోట కండరాలు తమ పని తాము మర్చిపోయాయి. కావలివాడు తిరిగే వీధిలో కుక్కలు కూడా మొరగడం మానేస్తాయి కదా, అలాంటిదే ఇది.

ఫణీంద్ర కంగారుపడలేదు. ఆపకపోతే సరి అన్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నవాడు జన్మంతా పెట్టుకోవట్లేదా, ఇదీ అంతే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కీలు జారి అరుస్తూ వచ్చిన మనుషుల్ని ఎందరినో చూసినవాడు. ఇప్పుడు ఎవరూ అరవడం లేదు, ఆయనకది చాలు. హైమ ఇంటికి వచ్చి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి భయపడింది, అంతే. వేరే కారణం ఏమీ లేదు.

ఆడపిల్ల పుట్టింది. హైమకి తల్లి లేదు, పురుడు అత్తింట్లోనే. పదకొండో రోజు దాటాక బిడ్డకి నీళ్ళు పోసేదెవరన్న మాట వచ్చింది. అసలు ఆ మాట ఆ ఇంట్లో రావాల్సింది కాదు. వరహాలమ్మ తన పిల్లలకే కాదు, ఆ వీధిలో పుట్టిన సగం మందికి నీళ్ళు పోసిన మనిషి. పీట మీద కూర్చుని, కాళ్ళు రెండూ బార చాపి, దగ్గరగా చేర్చి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని, ఒళ్ళంతా నూనె రాసి, నలుగు పెట్టి, ముక్కు తీర్చి, తల గుండ్రంగా వచ్చేలా సవరించి, వేడినీళ్ళు పోసేది. ఆ నీళ్ళు పోసుకున్న పిల్లలు పొద్దెక్కేదాకా కళ్ళు తెరిచేవాళ్ళు కాదు.

ఇప్పుడు ఆ పని చంద్రం చేశాడు, ప్లాస్టిక్ టబ్బులో. పాఠం అప్పజెప్పినట్టు జాగ్రత్తగా నీళ్ళు పోశాడు. పిల్ల వీధి లేచిపోయేలా ఏడ్చింది. వరహాలమ్మ ఎత్తు కుర్చీలో కూర్చుని మొదట, మెడ కింద చెయ్యి పెట్టరా, చెవుల్లోకి పోనివ్వకురా అని చెప్పింది. కాసేపటికి చెప్పడం మానేసింది. మొహం వీధి వైపు తిప్పుకుని కూర్చుంది. మర్నాడూ అంతే. మూడో రోజు హైమను పిలిచింది.

"ఆ కావలిని ఒక్క అరగంట కట్టేసెయ్యి అమ్మాయ్. నీళ్ళు పోసేసి లేచిపోతాను."

కుదరదంది హైమ. ఎందుకు కుదరదని ఆవిడ అడిగింది. కావలి కాళ్ళను ఎడంగానే ఉంచుతుంది, దగ్గరకు రానివ్వదు, మధ్యలోంచి పిల్ల జారిపోతుంది. కావలిని ఆపితే కాళ్ళు దగ్గరకొస్తాయి గానీ ఆ కండరాలకి ఇక సొంత పట్టు లేదు, ముందుకు వంగగానే కీలు జారిపోతుంది. దాచిన సంగతంతా హైమ అప్పుడు చెప్పేసింది. కండక్టరు సంగతి కూడా చెప్పింది.

వరహాలమ్మ చాలాసేపు తన మోకాళ్ళ వైపు చూసుకుంది. "కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందన్నమాట" అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే హైమకి కాస్త తేలికగా ఉండేది.

"తీసేత్తే మళ్ళీ వస్తదా, ఆ పట్టు?"

"తెలీదత్తయ్యా."

"తెలీనప్పుడు ఉండనీ" అని, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ తిండి తగ్గింది. పిల్లను ఎత్తుకోమని ఇస్తే ఎత్తుకునేది, ఏడిస్తే వెంటనే తిరిగి ఇచ్చేసేది. ఈ బిడ్డకి నాలుగు చెంబుల నీళ్ళు పొయ్యనప్పుడు నేనీ ఇంట్లో ఎందుకున్నట్టురా అని ఒక పూట చంద్రాన్ని అడిగింది. అతను కాలేజీకి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి అదే ప్రశ్న హైమని అడిగాడు.

బాలింత తెర ముందు కూర్చోకూడదని ఎవరెంత చెప్పినా హైమ వినలేదు. కావలి చెయ్యకూడని పనులు నేర్చుకుంది, చెయ్యదగ్గ పని ఒక్కటి నేర్పలేమా అన్నది ఆమె పట్టుదల. పిల్ల నిద్రపోయేవేళ తన కాళ్ళకే తీగలు అంటించుకుంది. వెనక వరండాలో కాళ్ళు చాపి కూర్చుని, బియ్యం మూటను బిడ్డలా కాళ్ళ మీద పెట్టుకుని, వంగి, లేచి, అటు తిప్పి, ఇటు తిప్పి, ఏ వంపులో ఏ కండరం ఎంత బిగుస్తుందో అంతా కొలిచింది. తుంటి మీద బరువు పడకుండా ఉండాలంటే పీట కాస్త ఎత్తుగా ఉండాలి, వీపుకి ఆనుడు ఉండాలి, కాళ్ళు కిందికి వాలుగా ఉండాలి. చంద్రం వడ్రంగి చేత అలాంటి బల్ల చేయించాడు. దాని మీద కూర్చుంటే కావలి తనంతట తానే కాళ్ళను దగ్గరకు చేర్చి, స్నానం అయ్యేదాకా కదలకుండా పట్టి ఉంచేలా హైమ దానికి నేర్పింది. వరహాలమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, ముందు బియ్యం మూటతో చూశారు, తర్వాత నీళ్ళు నింపిన సంచితో చూశారు. కాళ్ళు అంగుళం కదల్లేదు. ఫణీంద్ర ఫోన్‌లో లెక్కలన్నీ విని, ఇంతకన్నా క్షేమంగా ఎవరూ కూర్చోలేరన్నాడు. హైమకి చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ధనుర్మాసం చలి. వెనక వరండాలో రాగి బాయిలర్ వెలిగించారు. వరహాలమ్మ పాత నేత చీర మోకాళ్ళ దాకా మడిచి బల్ల మీద కూర్చుంది, కాళ్ళు చాపింది. కావలి ఆ కాళ్ళను మెల్లగా దగ్గరకు చేర్చింది. ఏడాదిగా చూడని నేల అంత దగ్గరగా కనిపించేసరికి ఆవిడ చేత్తో గచ్చును ఒకసారి తడిమి చూసుకుంది. మొహం వెలిగిపోయింది. గిన్నెలో శనగపిండీ పసుపూ పాలూ వేసి తనే నలుగు కలుపుకుంది. నూనె రాసిన పిల్లను గుడ్డలో చుట్టి ఎత్తుకుని హైమ పక్కనే నిలబడింది.

ఆవిడ రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. "ముందు నా కాళ్ళ మీద పొయ్యరా, వేడి చూద్దాం" అంది కొడుకుతో.

పిల్లల నీళ్ళ వేడి చూసేది అలాగే. పోసే మనిషి తన కాళ్ళ మీద ముందు పోసుకుంటుంది. కాలు ఓర్చుకుంటే బిడ్డ ఓర్చుకుంటుందని లెక్క. చంద్రం ఒక చెంబు పోశాడు.

చన్నీళ్ళలా ఉన్నాయి, ఇంకాస్త వేడివి కలపమంది. కలిపి ఇంకో చెంబు పోశాడు. ఊహూ అంది. మళ్ళీ కలిపాడు. చలిపొద్దు కాబట్టి పొగ ఎలాగూ వస్తోంది, అందులోంచి ఎవరికీ ఏమీ తేడా తెలియలేదు. చెంబు కాలుతోందని చంద్రం అంటే, సుద్దముక్క పట్టుకునే చేతులు నీవి, నీ చేతులకేం తెలుస్తదిరా అని నవ్వింది.

"వేడి చేతులకి కాదురా తెలిసేది. కాలు అబద్ధమాడదు."

మూడో చెంబు పోసుకున్నాక చాలంది. నలుగు గిన్నె పక్కన పెట్టి, పిల్లను ఇమ్మని చేతులు చాపింది. హైమ గుడ్డ విప్పి, వంగి, ఆ కాళ్ళ మీద పిల్లను పడుకోబెట్టబోయింది. చంద్రం నాలుగో చెంబు ముంచి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

మోకాళ్ళ కింద నుంచి చీలమండల దాకా ఆ కాళ్ళు ఎర్రగా ఉన్నాయి. బాయిలర్ మంట వెలుగేమో అనుకుంది హైమ ఒక క్షణం. చూస్తుండగానే ఒక చోట చర్మం తెల్లగా ఉబ్బింది. పిల్ల వీపు అప్పటికి ఆ కాళ్ళకి బెత్తెడు పైన ఉంది. హైమ పిల్లను రొమ్ముకి లాక్కుంది. రెండో చేత్తో చెంబులో వేలు పెట్టి వెంటనే తీసేసింది.

ఎవరి కాళ్ళైనా ఆ నీళ్ళకి వెనక్కి లాక్కుంటాయి. ఆ కాళ్ళు కదల్లేదు. కదలకుండా పట్టి ఉంచమని హైమే నేర్పింది.

చంద్రం చేతిలో చెంబు వదిలేసి కుండలో చన్నీళ్ళు తెచ్చి తల్లి కాళ్ళ మీద కుమ్మరించాడు, మళ్ళీ కుమ్మరించాడు. ఎందుకురా అవి పోస్తన్నావు, పిల్లకి చలేస్తది అంటోంది ఆవిడ. అప్పుడు వాళ్ళిద్దరి మొహాలూ చూసింది. తర్వాత కిందికి, తన కాళ్ళ వైపు చూసింది. పొక్కులు తేలుతున్నాయి. ఒకదాన్ని వేలితో ముట్టుకుంది. అంగట్లో వంకాయను నొక్కి చూసినట్టు నొక్కి చూసింది.

"పిల్ల మీద పడిందా?"

"లేదత్తయ్యా."

"ఒక్క చుక్కైనా?"

"పడలేదు."

సరే అన్నట్టు తల ఊపి, చేతులకంటిన నలుగుపిండిని నలుపుతూ కూర్చుంది. ఏడుపు లేదు, నొప్పి ఎలాగూ లేదు. హైమకి కూడా ఏడుపు రాలేదు. లోపల ఏదో పెద్దది జరిగిందని తెలుస్తోంది గానీ అది తనదాకా చేరడం లేదు. పిల్లను పట్టుకున్న చేతులు మాత్రం ఆ మధ్యాహ్నం దాకా ఎవరికీ ఇవ్వనన్నాయి.

ఆస్పత్రిలో కట్లు కట్టారు. ప్రయోగశాలలో ఇన్నాళ్ళూ కొలిచిందంతా కండరాల బిగువు, కీళ్ళ వంపు. చర్మం సంగతి అడగాలని ఎవరికీ తోచలేదు, హైమకీ తోచలేదు. నరంలో కండరం కబురూ చర్మం కబురూ ఒకే దారిన పోతాయి. ఒకదాన్ని ఆపితే రెండోది మాత్రం ఎంతకాలం నడుస్తుంది? మిగతా రోగులను పిలిచి కళ్ళకు గంతలు కట్టి, కాళ్ళ మీద మంచుముక్కలు పెట్టి చూశారు. ఏం పెట్టారని అడిగితే, ఇంకా పెట్టలేదుగా అన్నాడు కండక్టరు.

వేడి కూడా కనిపెట్టే ఏర్పాటు చేద్దాం, కాలితే కావలే గంట కొట్టి చెబుతుంది అన్నాడు ఫణీంద్ర. కంచే చేను మేసేసింది, ఇంకో కంచె వేద్దామంటారా అంది హైమ. ఇకమీద ఎవరికీ కావలి చెయ్యనంది. ఆయన వాదించలేదు. కీలు జారి మళ్ళీ అరుస్తూ వచ్చేవాళ్ళకి ఏం చెప్పమంటావని మాత్రం అడిగాడు. నోటితో చెప్పి చూద్దాం, దిండు పెట్టుకోమందాం, మళ్ళీ చెబుదాం అంది ఆమె. చెప్పిందే గానీ ఆ మాట మీద ఆమెకీ అంత నమ్మకం లేదు. పెట్టించుకున్నవాళ్ళకి ఎలా తియ్యాలో, తీస్తే ఏం మిగులుతుందో ఇద్దరికీ తెలియదు.

కాలిన పుళ్ళు మానే దశకి వచ్చాయి. ఒక పొద్దున చంద్రం టబ్బు కడుగుతుంటే, అది అవతల పెట్టమంది వరహాలమ్మ. హైమను పిలిచి, చీర పైకి మడిచి ఆ బల్ల మీద నువ్వు కూర్చో అంది. నాకు రాదత్తయ్యా అంది హైమ. రాకపోతే నేర్చుకో, నేనున్నాగా అంటూ కుర్చీ వరండాలోకి వేయించుకుని ఎదురుగా కూర్చుంది.

హైమ కాళ్ళు చాపి, దగ్గరగా చేర్చింది. పిల్ల తండ్రి చేతుల్లో ఉంది. ముందు నీ కాళ్ళ మీద పోసుకో అంది అత్తగారు. హైమ చెంబు ముంచి పోసుకుంది.

"ఎలా ఉంది?"

"సరిపోయిందత్తయ్యా."

"అది కాదే అమ్మాయ్." వరహాలమ్మ కాస్త ముందుకు వంగబోయింది. కాళ్ళు బిగుసుకున్నాయి. అక్కడే ఆగిపోయింది. "ఎలా ఉంది? చెప్పు నాకు."

హైమ తన కాళ్ళ వైపు చూసుకుంది. ముందు చురుక్కుమందత్తయ్యా, అంది. ఆ తర్వాత చురుకు పోయి వెచ్చగా లోపలికి దిగింది, పిక్కల దాకా దిగింది, ఇప్పుడు జారిపోయిన చోట గాలి తగిలి చల్లగా అవుతోంది, చీలమండ దగ్గర మాత్రం ఇంకా కొంచెం వెచ్చగా ఉంది.

వరహాలమ్మ కళ్ళు మూసుకుని వింది.

"ఇంకో చెంబు పోసుకో" అంది. "పోసుకుని మళ్ళీ చెప్పు."